రాచకొండలో వారము దినములు

దూరపు కొండలు నునుపు అని సామెత. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో తుర్కయంజాలు, మన్నెగూడ, బొంగుళూరు, ఇబ్రహీంపట్నము వరుసగా తగులును. ఆ దారిన ప్రతిదినము పోవువారిలో పెక్కుమందికి రాచకొండ అను పేరు తెలియును. 2016లో ఏర్పడిన పోలీసు కమీషనరేటుకు ఆ పేరు పెట్టుటచే అది ఇంటింటి మాట అయినది. కాని ఆ పేరుగల కొండ ఎక్కడ ఉన్నదో, దాని ఒడిలోని ఊరు ఒకప్పుడు ఏ రాజ్యమునకు రాజధానియో అడిగినచో తడుముకొనకుండ చెప్పగలవారు తక్కువ. ఇబ్రహీంపట్నము నుండి పెద్దబాట విడిచి మంచాల మీదుగా తూర్పునకు సాగినచో ఆ కొండలు ఎదురగును. నేడు ఆ గ్రామము యాదాద్రి భువనగిరి జిల్లాలో, సంస్థాన్ నారాయణపురము మండలములో చేరియున్నది.

రాచకొండను చూడవచ్చువారు చాలవరకు ఉదయము వచ్చి సాయంకాలమునకు తిరిగిపోవుదురు. ద్వారములు చూతురు, గోడలు చూతురు, గుట్టమీద నిలిచి ఛాయాచిత్రము తీయించుకొందురు. అందులో తప్పు లేదు. ఐనను, వీలు చిక్కినవారు అక్కడనో చుట్టుపట్ల గ్రామములలోనో ఒక వారము దినములు మకాము వేయుట మేలని నా మనవి. ఒక్క పూటలో రాయి కనబడును. నీరు కనబడుటకు వారము పట్టును. రాచకొండ చరిత్రలో రాతికి దక్కిన కీర్తి నీటికి దక్కలేదు. ఆ రాజ్యమును నిలిపినది మాత్రము రెండును కలసియే.

మొదటి దినము కొండ ఎక్కుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. మైదానములో సారవంతమైన నేల ఉండగా రాజధానికి ఈ రాళ్ళగుట్టలను ఏల ఎంచుకొనిరి? దీనికి సమాధానము ఓరుగంటిలో దొరకును. కాకతీయుల ఓరుగల్లు మైదానమందలి నగరము. దానికి మట్టికోట, రాతికోట, అగడ్తలు ఉండెను. అంతటి నగరము 1323లో ఢిల్లీ సైన్యముల ముట్టడికి లొంగిపోయినది. ప్రతాపరుద్రుడు బందీయయ్యెను. ఆ దెబ్బ తిన్న తరమువారికి మైదానముపై నమ్మకము సడలినది. తరువాత తలయెత్తిన తెలుగు రాజ్యములను చూడుడు. రెడ్లు అద్దంకి విడిచి కొండవీటికి చేరిరి. రేచెర్ల పద్మనాయకులు రాచకొండను, దేవరకొండను పట్టుకొనిరి. ఆ కాలపు రాజధానుల పేర్లలో ‘కొండ’ అను మాట ఊరక చేరలేదు. పాత తెలుగులో ‘మన్నె’ యనగా కొండలతో అడవులతో కూడిన సీమ. ‘మన్నెదొర’ యనగా ఆ సీమకు అధిపతి. పదునాలుగవ శతాబ్దిలో మన్నెసీమ తలదాచుకొను చోటుగా మాత్రమే గాక, తల యెత్తుకొను చోటుగా మారెను.

రాచకొండను రాజధానిగా చేసినవాడు అనపోతానాయకుడు. అతని తండ్రి సింగమనాయకుడు 1361 ప్రాంతమున జల్లిపల్లి కోట ముట్టడిలో క్షత్రియుల చేత హతుడయ్యెను. అనపోతానాయకుడును, తమ్ముడు మాదానాయకుడును కలసి ఆ పగ తీర్చుకొనిరి. ‘సోమకుల పరశురామ’ అను బిరుదు ఆ యుద్ధమునకు గుర్తు. పిమ్మట అన్న రాచకొండ నుండియు, తమ్ముడు దేవరకొండ నుండియు పాలించిరి. 1368 ప్రాంతమున భీమవరము వద్ద జరిగిన పోరులో ఓరుగంటిని ఏలుచున్న ముసునూరి కాపయనాయకుడు అనపోతుని సైన్యముల చేతిలో నేలకూలెను. 1369 నాటి అయినవోలు శాసనము అనపోతుని విజయమునకు సాక్షి. తురకసేనలను వెడలగొట్టి ఓరుగల్లును తిరిగి నిలిపిన కాపయ తెలుగువారి చేతనే కూలుట ఆ యుగపు విషాదము. ఈ చరిత్రకు ముఖ్యమైన ఆధారములలో ఒకటగు ‘వెలుగోటివారి వంశావళి’ని నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరించగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము ప్రకటించినది.

రెండవ దినము గోడలకు విడువవలెను. రాచకొండ గోడలలో సున్నము లేదు. చిన్నా పెద్దా రాళ్ళను, వాటి ఆకృతిని పెద్దగా మార్చక, ఒకదాని నోటిలో ఒకటి ఇమిడునట్లు పేర్చిరి. ద్వారములకు నిలువు బండలు నిలిపి, పైన అడ్డుబండలు పరచిరి. కొండయే ఎక్కడ గోడగా నిలిచినదో అక్కడ వేరుగా గోడ కట్టలేదు; రెండు బండల నడుమ సందు ఉన్నచోట మాత్రమే మనిషి చేయి పెట్టెను. అందుచేత చూడవచ్చినవారికి ఏది ప్రకృతి నిర్మాణమో, ఏది మనుష్య నిర్మాణమో చాలచోట్ల చటుక్కున పోల్చుకొనుట కష్టము. అదే ఆ కోట బలము. ఎదుటివానికి ఎక్కడ మొదలో ఎక్కడ తుదియో తెలియని కోటను ముట్టడించుట సులభము కాదు.

ఐతే గోడ శత్రువును ఆపగలదు గాని దప్పికను ఆపజాలదు. ఏ కోటకైనను ముట్టడి దినములలో మొదటి శత్రువు లోపలనే పుట్టును. దాని పేరు నీటికరవు. ఇది గ్రహించిన పిమ్మట మూడవ దినము కొండ దిగి లోయలలో నడువవలెను.

ఈ సీమ నేల నల్లరేగడి కాదు. గోదావరి కృష్ణల వంటి జీవనది చేరువలో లేదు. వానకాలము మూడు నాలుగు నెలలు. తక్కిన కాలమంతయు ఎండ. నున్నని బండగుట్టమీద పడిన వాన నిలువదు. పడిన గడియలోనే లోయలోనికి పరుగెత్తును. దానిని పోనిచ్చినచో వారమునకే నేల బీడు. ఆపగలిగినచో ఏడాది తిండి. కాకతీయుల కాలమువారు దీనికి మార్గము కనిపెట్టియుండిరి. రెండు కొండలు దగ్గరగా వచ్చుచోట వాటి నడుమ ఒక కట్ట పోసినచో వెనుకనున్న లోయ అంతయు చెరువగును. రామప్ప, పాకాల, లక్నవరము ఈ విధముగా వెలసినవే. పద్మనాయకులు ఓరుగంటి రాజ్యమునుండి తెచ్చుకొన్న వారసత్వములో కత్తికంటె ఈ విద్యయే గొప్పది.

అనపోతుని పేర అనపోతసముద్రము, ఇంకను రాయసముద్రము, నాగసముద్రము అని వారు త్రవ్వించిన చెరువుల పేర్లు వినబడుచున్నవి. సముద్రమునకు చాల దూరాన ఉన్న మెట్టసీమలో చెరువును సముద్రమని పిలుచుకొనుటలో నీటిపై వారికిగల మక్కువ తెలియుచున్నది. ఇందులో నాగసముద్రము ఒక స్త్రీ పేర నిలిచినది. తరువాతి తరముల వాడైన రావు మాదానాయకుని భార్య నాగాంబిక దానిని త్రవ్వించినది. భర్త రామాయణమునకు ‘రాఘవీయము’ అను వ్యాఖ్య వ్రాసెనని పండితులకు తెలియును. భార్య చెరువు త్రవ్వించినదని రైతుకు తెలియును. ఇద్దరిలో ఎవరి కృషి పెక్కు కడుపులకు ఉపకరించినదో చెప్పుట కష్టము కాదు.

చెరువును చూచుటకును ఒక పద్ధతి ఉన్నది. కట్టమీద నిలిచి నీటిని చూచి వచ్చుట చాలదు. ఆ నీరు ఏ వాగున వచ్చుచున్నదో వెదుకవలెను. నిండినపుడు ఏ మత్తడి దాటి పోవునో, ఆ మత్తడి నీరు దిగువన ఏ చెరువులో పడునో కనుగొనవలెను. తూము ఎక్కడ, దాని క్రింది ఆయకట్టు ఎంతవరకు, నీరు తగ్గినపుడు బయటపడు శిఖము ఎక్కడ అని అడుగవలెను. అప్పుడు తెలియును, చెరువన్నది ఒంటరిది కాదని. ఒక చెరువు నోరు మరియొక చెరువు చెవిలో ఉండును. పైదానికి గండిపడినచో క్రిందిదానికి ముప్పు. పైదాని వాగు మూసినచో క్రిందిదానికి కరవు. ఈ గొలుసును కాపాడుటకే పూర్వము ప్రతి గ్రామమున నీరడి యుండెను. చెరువు బాగుచేసినవారికి దశబంధమను పేర మాన్యము లభించెను. రాజు కట్టించిన చెరువును నిలిపినది ఆ ఏర్పాటు.

చెరువు నిండిన కప్పలు చేరవా అని మనవారందురు. రాచకొండకు పండితులును కవులును అట్లే చేరిరి. నాలుగవ దినము ఏ చెట్టునీడనో కూర్చుండి వారిని తలచుకొనవలెను. అనపోతుని కుమారుడు సింగభూపాలుడు సర్వజ్ఞుడని బిరుదు పొందినవాడు. సంస్కృతమున అతడు రచించిన ‘రసార్ణవసుధాకరము’ నాటకవిద్యకును రసవిచారమునకును ప్రామాణిక గ్రంథము. రంజక, రసిక, భావకములను పేర్లతో మూడు విలాసములుగా అది సాగును. నాటకమును గూర్చి చెప్పి ఊరకుండక, ‘కువలయావళి’ అను నాటికను తానే రచించెను. శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరము’నకు ‘సంగీతసుధాకరము’ అను వ్యాఖ్యయు ఇతని పేర నున్నది. రేడియోలో ప్రతిదినము రాగములు వినువారు ఈ మాట గుర్తుంచుకొనదగును. శ్రుతి యననేమి, జాతి యననేమి, తాళమెట్లు నడుచును అను విచారణ ఆరు నూర్ల ఏండ్లకు పూర్వము ఈ బండల నడుమ జరిగినది. ‘చమత్కారచంద్రిక’ కర్తయగు విశ్వేశ్వరకవి ఈ ఆస్థానములోనివాడు. ద్విపదలో హరిశ్చంద్రుని కథ చెప్పిన గౌరనయు ఈ రాజ్యపు మంత్రుల కుటుంబమునకు చెందినవాడే.

శ్రీనాథుడు రాచకొండకు వచ్చి సింగభూపాలుని మెప్పించెనని ఒక కథ కలదు. పోతన తన భాగవతమును అంకితమీయనందున ఆ వంశపు రాజొకడు దానిని భూమిలో పాతిపెట్టించెనని మరియొక కథ కలదు. ఈ కథలు చరిత్రకు సాక్ష్యములు కావు. భాగవతములో కొన్ని భాగములు గంగన, సింగన, నారయలు పూరించిన మాట నిజము. ఆ లోపము ఎట్లు కలిగినదో చెప్పుటకు జనులు ఒక కథ కల్పించుకొనిరి. ఐనను ఆ కథలో ఒక నీతి ఉన్నది. రాజు గ్రంథమును పాతిపెట్టెనని చెప్పుకొనుచున్న ఆ జనులకే, రాజు సంస్కృతమున గొప్ప గ్రంథము వ్రాసెనన్న సంగతి తెలియదు. కొండక్రింది ఊరికిని కొండమీది ఆస్థానమునకును నడుమ ఆ కాలముననే ఎంతో ఎడముండెనేమో.

ఐదవ దినము మనుష్యులది. రాచకొండ చుట్టును తండాలు కలవు. లంబాడీలు పూర్వము ఎడ్లమీద ధాన్యము, ఉప్పు వేసికొని దేశదేశములు తిరిగినవారు. మొగలు సైన్యములు దక్కనుకు దిగినపుడు వాటికి తిండిగింజలు మోసినది ఈ బంజారాలే. రైళ్ళు, బండ్లబాటలు వచ్చిన పిమ్మట వారి బేరము తగ్గి, పెక్కుచోట్ల నిలిచి సేద్యము చేపట్టిరి. సైన్యములను మోసిన కులము, సైన్యములు విడిచిపోయిన రాజధాని చుట్టును స్థిరపడుట చరిత్ర ఆడిన ఒక వింత ఆట. నేడు ఆ కోటను ఎల్లప్పుడును కంటితో చూచుచున్నవారు వారే. ఏ దారి ఎటు పోవునో, ఏ బండక్రింద వేసవిలోను నీరు నిలుచునో గ్రంథములలో దొరకదు, వారిని అడుగవలెను. అడుగునపుడు చరిత్ర చెప్పవచ్చినవారివలె గాక, నేర్చుకొనవచ్చినవారివలె అడుగవలెను.

ఈ దినముననే ఒక చేదు సంగతియు తెలియగలదు. పాత కోటలున్న ప్రతిచోటను గుప్తనిధుల ఆశ తిరుగుచుండును. రాత్రివేళ గడ్డపారలతో వచ్చి నేల త్రవ్వువారు, విగ్రహములను పెకలించువారు తెలంగాణములోని శిథిలనగరములకు కొత్త కారు. వారు వెదకు బంగారము వారికి దొరకునో లేదో గాని, వారు పగులగొట్టిన రాయి మరల అతుకదు. సున్నము లేని గోడనుండి ఒక్క రాయి లాగినచో పైవరుస అంతయు కదలును.

ఆరవ దినము దక్షిణముగా దేవరకొండకు పోయి రావలెను. అన్నదమ్ములలో రెండవవానిది ఆ కోట. రాజ్యము తుదిఘట్టము ఇక్కడనే బాగుగా అర్థమగును. పద్మనాయకులు చాలకాలము బహమనీ సుల్తానులతో చెలిమి నెరపి, విజయనగరముతోను కొండవీటితోను పోరాడిరి. కాని 1425 నాటికి అహమ్మదుషా ఓరుగల్లును గైకొనెను. తరువాతి దశాబ్దములలో రాచకొండయు సుల్తానుల చేతిలో పడెను. 1459లో హుమాయూన్ షా సైన్యములు దేవరకొండను ముట్టడించగా, లింగమనాయకుడు ఓఢ్రగజపతి సాయముతో వారిని ఓడించి తరిమెను. అది గొప్ప విజయమే. కాని ఆరిపోబోవు దీపపు వెలుగు. ఆ శతాబ్ది ముగియునప్పటికి ఆ వంశమువారి ఏలుబడి ఈ సీమలో అంతరించెను. వెలుగోటివారు మొదలగు శాఖలు కృష్ణకు దక్షిణమున వేరు బ్రతుకు వెదకుకొనిరి. పదునారవ శతాబ్దిలో ఈ కోటలు గోలకొండ కుతుబ్ షాహీల వశమాయెను. ఫిరంగులు వచ్చినవి, పెద్ద వాణిజ్యమార్గములు మైదానముల మీదుగా సాగినవి. కొండమీది రాజధానితో ఎవరికిని పని లేకపోయెను.

రాజధాని పోయినది. మరి చెరువులు? అవి రాజు మారిన దినమున ఎండిపోలేదు. క్రింది రైతు శిస్తు కట్టువాని పేరు మార్చుకొనెను గాని నాటువేయు కాలమును మార్చుకొనలేదు.

ఇది మన దేశపు వింతయే కాదు. స్పెయిన్ దేశపు దక్షిణమున సియెర్రా నెవాడా పర్వతముల వాలులో ఆల్పుహారా అను కొండసీమ ఉన్నది. కపిలెయిరా, బుబియోన్ వంటి సున్నపు తెలుపుగల పల్లెలు అక్కడ కొండకు అతుకుకొని యుండును. అరబ్బుల ఏలుబడిలో ఆ కొండల మంచునీటిని పొలములకు మళ్ళించుటకు ‘అసేకియా’లను కాలువలు త్రవ్విరి. 1492లో గ్రనాడా వారి చేజారెను. 1568లో రేగిన తిరుగుబాటు అణచబడిన పిమ్మట, ఆ కాలువలు త్రవ్వినవారి సంతతిని అక్కడినుండి వెడలగొట్టిరి. మతము మారెను, భాష మారెను, ఊరిలోని మనుష్యులే మారిరి. కాలువల పేరు మాత్రము అరబ్బీమాటయే. వాటిలో పెక్కు నేటికిని పారుచున్నవి. రాచకొండ చెరువుకట్టపై నిలిచినవాడు ఆ సంగతి విన్నచో ఆశ్చర్యపడడు.

ఏడవ దినము తిరుగుప్రయాణము. వచ్చిన దారినే పోవుచు ఇబ్రహీంపట్నము పెద్దచెరువు వద్ద ఆగవలెను. ఊరికిని చెరువుకును పేరు ఇబ్రహీం కుతుబ్ షాది. 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఈ సుల్తాను రాజు కాకమునుపు ఏడేండ్లు విజయనగరములో తలదాచుకొన్నవాడు, తెలుగు నేర్చినవాడు. కవులు అతనిని మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను అతనికి అంకితమిచ్చెను. ఆ కాలముననే, 1562 ప్రాంతమున, హైదరాబాదులోని హుస్సేనుసాగరమును కట్టిరి. పద్మనాయకుల కోటలను గెలిచిన వంశము వారి కోటవంటి కోట కట్టలేదు. వారి చెరువువంటి చెరువును మాత్రము కట్టెను. మతములు వేరు, భాషలు వేరు, వంశములు వేరు. ఈ మెట్టనేలను ఏలదలచినవానికి మాత్రము పాఠమొక్కటే.

ఆ పాఠము నేడు ఎవరికి అవసరము? ఇక్కడినుండి హైదరాబాదు వైపు చూచినచో ఇండ్లు, ఫ్లాట్ల హద్దురాళ్ళు, వెడల్పు రోడ్లు కనబడును. మన్నెగూడ, బొంగుళూరు ప్రాంతములు ఒక తరము కాలములో పొలము నుండి పట్టణమునకు మారినవి. మారుట తప్పదు, జనులకు ఇండ్లు కావలెను. కాని ఇల్లు కట్టుకొనువానికి తాను కొన్న స్థలము ఒకప్పుడు శిఖమా, వాగా, కాలువా అన్నది తెలియదు. తెలిసినవాడు చెప్పడు. రెండు మూడేండ్లు వానలు లేనపుడు చెరువును అందరు మరచిపోవుదురు. పెద్దవాన వచ్చిన రాత్రి నీరు తన పాత దారిని తాను వెదకికొనుచు ఇంటి గడప ఎక్కును. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ అను పేర ఇంచుమించు 46,000 చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్నది. పూడిక తీయుట మేలైన పనియే. ఐతే చెరువునకు వచ్చు వాగును మూసివేసి, చెరువులో పూడిక తీసిన ఫలమేమి? కాలువను కాపాడనివాడు చెరువును కాపాడలేడు.

రాచకొండకు పోవు తీరిక అందరికి చిక్కదు. చిక్కినవారు వానలు వెనుకబట్టిన తరువాత, గుట్టలమీద సీతాఫలములు పండువేళ పోవుట మంచిది. అప్పుడు చెరువులలో నీరుండును, ఎండయు మితముగా నుండును. పోలేనివారు తమ ఊరిలోనే ఆ పని చేయవచ్చును. ఏ ఆదివారమో పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి చెరువుకట్టపైకి పొండు. ఈ చెరువుకు నీరు ఏ దారిన వచ్చును, నిండినపుడు ఏ దారిన పోవును అని ఊరి పెద్దలను అడుగుడు. వారు చెప్పిన దారిని కాగితముపై గీసికొని, ఆ దారివెంట చివరివరకు నడచి చూడుడు.